ఒంటిదారి పలక

మోటార్లు వైండింగ్ చేసే మేస్త్రికి కోపం ముక్కుమీదే ఉంటుందని ఆ వీధిలో అందరికీ తెలుసు. ఆ కోపం ఎంతోసేపు నిలవదని కూడా తెలుసు. అందుకే కాలిపోయిన పంపు మోటార్లు, మూలిగే ఫ్యాన్లు పట్టుకుని జనం ఆయన కొట్టుకే వచ్చేవారు. వచ్చినవాళ్ళకి ముందు నాలుగు చీవాట్లు పడేవి. నీళ్ళు లేకుండా మోటారు తిప్పితే కాలక ఏమవుతుందని, దానికి మాత్రం ప్రాణం ఉండదా అని. ఆ తర్వాత మేస్త్రి దాన్ని బల్లమీద పెట్టుకుని, నిద్రపోతున్న పిల్లకి చొక్కా విప్పినంత జాగ్రత్తగా విప్పేవాడు.

అలాంటి మనిషికి వియ్యంకుడి మీద వచ్చిన కోపం మాత్రం వారం గడిచినా చల్లారలేదు.

వియ్యంకుడు తేనెటీగలు పెంచుతాడు. ఊరి చివర ఇల్లు. ఇంటి వెనక ఖాళీస్థలంలో, కంచె వారగా, చెక్కపెట్టెలు వరసగా నిలబెట్టి ఉంటాయి. ఒక్కోచోట కింద ఒక పెట్టె, దానిమీద ఇంకో పెట్టె. కిందిది ఈగల కాపురం; రాణీ, గుడ్లూ, పిల్లలూ అన్నీ అందులోనే. పైది వాటి సామాన్ల గది. తేనె తెచ్చి దాచుకునేది అందులోనే. అది నిండాక మనిషి వచ్చి తీసుకుంటాడు. వినడానికి తేలికే. కాని ఆ పైపెట్టెలో తేనెతోపాటు వేలకొద్దీ ఈగలు కూడా ఉంటాయి. వాటిని అక్కడినుంచి కదిలించి తేనె ఒక్కటే ఇంట్లోకి తేవడమే అసలు తిప్పలు. వియ్యంకుడు పెట్టెలోంచి తేనెపట్టు అల్లుకున్న ఒక్కో చెక్కచట్రమూ పైకి లాగి, మెత్తటి కుంచెతో ఈగల్ని దులిపి, గుడ్డ కప్పిన బుట్టలో పెట్టుకుని ఇంటి వెనకగదిలోకి తెచ్చేవాడు. ఎంత దులిపినా చట్రానికి రెండుమూడు ఈగలు గుడ్డకింద నక్కి లోపలికి వచ్చేసేవి. అవి కిటికీ అద్దానికి తలలు కొట్టుకుని సాయంత్రానికి చచ్చిపోయేవి. అదెవరికీ పెద్ద సంగతిగా తోచలేదు.

ఆ గదిలో చట్రాల మీది మైనం గీకి, వాటిని డ్రమ్ములో నిలబెట్టి, అవి గిర్రున తిరిగేలా పిడి తిప్పి తేనె తీసేది మేస్త్రి కూతురు. కాపురానికి వచ్చిన కొత్తలో మామగారికి చేతిసాయంగా మొదలుపెట్టింది. పోనుపోనూ తేనె తీయడం, సీసాల్లో నింపడం, కొట్లకి వేసి రావడం అంతా ఆమెదే అయింది. ఒకరోజు పిడి తిప్పుతుంటే మెడమీద ఈగ కుట్టింది. అంతకుముందు కూడా కుట్టాయి, కాస్త వాచి ఊరుకునేది. ఈసారి చూస్తూ చూస్తూ ఉండగానే మొహమంతా పొంగిపోయింది, ఊపిరి అందలేదు. భర్త సామాన్ల వ్యాను తోలుతూ ఎక్కడో దూరాన ఉన్నాడు. మామగారే పక్కింటివాళ్ళ కారులో ఎక్కించుకుని ఆస్పత్రికి పరుగెత్తాడు. ఇంజెక్షన్ పడ్డాక గాని పిల్ల తేరుకోలేదు. మళ్ళీ కుడితే ఇంతకన్నా ముప్పు రావచ్చని, ఇంజెక్షన్ ఎప్పుడూ ఇంట్లో ఉంచుకోవాలని, ఈగలకి ఆమడదూరంలో ఉండాలని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.

కబురంది మేస్త్రి ఆస్పత్రికి వెళ్ళేసరికి కూతురు మంచంమీద కూర్చుని టీ తాగుతోంది. కళ్ళు మాత్రం ఇంకా రెండు గీతల్లాగే ఉన్నాయి. ఆ కళ్ళు చూసి ఆయన వియ్యంకుడిమీద ఒంటికాలిమీద లేచాడు. ఇంట్లో ఈగలైనా ఉండాలి, నా కూతురైనా ఉండాలి, తేల్చుకోండి అన్నాడు. వియ్యంకుడు మామూలుగానే నోట్లో నాలుక లేని మనిషి. గోడకి ఆనుకుని, తల వంచుకుని అన్నీ పడ్డాడు. తిరిగి ఒక్క మాటన్నా మేస్త్రి కోపం అక్కడికక్కడే కారిపోయేది. ఆయన అనలేదు. అల్లుడు కన్నతండ్రికీ పిల్లనిచ్చిన మామకీ మధ్య నిలబడి, మందుల చీటీని ముప్ఫైసార్లు చదివాడు.

కొన్నాళ్ళు పుట్టింటికి రమ్మంటే కూతురు రానంది.

"కుట్టింది ఈగ నాన్నా, మా మామయ్య కాదు," అంది.

పైగా తేనె తీసే పని మానుకునేది లేదని కూడా చెప్పింది. పెట్టెల దగ్గరికి ఎలాగూ వెళ్ళను, గదిలోకి ఈగ రాకుండా ఉంటే చాలు, ఆ పని నాకిష్టం అంది. ఇష్టం అన్నాక ఆ పిల్లతో వాదించి గెలిచినవాడు లేడు.

ఇంటికొచ్చి ఆ మాటే పట్టుకుని సణుగుతుంటే మేస్త్రి భార్య వంకాయలు తరుగుతూ వింది. ఆ మొండితనం ఎక్కడినుంచి వచ్చిందో తనకి తెలీదని, తన పుట్టింటివైపు అందరూ మెత్తనివాళ్ళేనని ముందు చెప్పింది. తర్వాత, "గదిలోకి ఈగ రాకూడదు, అంతేగా? ఊళ్ళోవాళ్ళ మోటార్లన్నీ బాగుచేస్తారు, కూతురికి ఆమాత్రం చేసిపెట్టలేరా?" అంది.

ఆమె మాటవరసకే అంది. మేస్త్రికి మాత్రం అది నాటుకుంది. ఆ క్షణాన్నుంచి ఆయనకి కొట్లో ఏ వస్తువు చూసినా ఈగల్ని తోలే సాధనంలాగే కనబడసాగింది.

కొట్టు మూలన ఎవరో బాగుకిచ్చి మళ్ళీ రాని వాక్యూమ్ క్లీనరు ఒకటి పడి ఉంది. దాన్ని బల్లమీదికి తెచ్చాడు. లోపలి మోటారుకి తీగ మళ్ళీ చుట్టాడు, బేరింగులు మార్చాడు, గాలి పీల్చే వైపునుంచి గొట్టం తీసి ఊదే వైపు బిగించాడు. రేకుని మడిచి గొట్టం కొసకి బాతుమూతిలాంటి చప్పిడి మూతి అతికాడు. దాంతో గాలి కత్తిలా సన్నగా, జోరుగా వస్తుంది. మొదటిసారి స్విచ్చి వేసినప్పుడు గోడమీది క్యాలెండరు లేచిపోయింది. రెండోసారి వేసినప్పుడు పక్క కొట్టు టైలరు కత్తిరించి పెట్టుకున్న గుడ్డముక్కలు వీధినపడ్డాయి. టైలరు తిట్టుకుంటూ ఏరుకుంటుంటే మేస్త్రి ఆనందం పట్టలేక తనూ వెళ్ళి ఏరాడు.

ఆదివారం నాటికి దాన్ని మోసుకుని వియ్యంకుడి ఇంటికి బయల్దేరాడు. కూతుర్ని ఇంట్లో కూర్చోబెట్టి తలుపులన్నీ వేయించాడు. వియ్యంకుడు మొహానికి వల ఉన్న టోపీ తెచ్చి ఇచ్చాడు. ఇద్దరూ ఆస్పత్రి తర్వాత మొదటిసారి ఎదురుపడటం. "రండి బావగారూ" అంటే "వచ్చాం బావగారూ" అనుకున్నారు, అంతకుమించి మాటల్లేవు.

వియ్యంకుడు పొగడబ్బాతో కాస్త పొగ ఊది మూత తీశాడు. పైపెట్టె దింపాలి. ఆయన రెండడుగులు వెనక్కి వేసి నిలబడ్డాడు. బరువుపని నా నెత్తిన వేశాడన్నమాట అని మనసులో అనుకుని మేస్త్రే వంగి పెట్టె ఎత్తాడు. పంపు మోటారంత బరువుంది. దాన్ని తెచ్చి, అంచుమీద నిలబెట్టి, గొట్టం గురిపెట్టాడు. మూతి పెట్టెల వాకిళ్ళవైపు తిప్పితే మంచిదని వియ్యంకుడు మెల్లిగా అన్నాడు. ఆ వాకిళ్ళున్నది ఇంటివైపు. ఇల్లంటే కూతురు. మేస్త్రి ఆ మాట చెవినవేసుకోకుండా మూతిని కంచెవైపు తిప్పి స్విచ్చి వేశాడు.

చెప్పుకోవాలి, బ్రహ్మాండంగా పనిచేసింది. చట్రాల సందుల్లోంచి ఈగలు ధారగా ఎగిరి కంచె అవతలికి పోయి పడ్డాయి. కుంచెతో పూట పట్టే పని టీ చల్లారేలోపు అయిపోయింది. మేస్త్రి మరో రెండు పెట్టెలు ఊది, పంపు మోటారు నీళ్ళు పోసినప్పుడు రైతు చూసే చూపులాంటిది ఆశించి వియ్యంకుడివైపు చూశాడు. ఆయన అక్కడ లేడు.

కంచె అవతల గడ్డిలో మోకాళ్ళమీద ఉన్నాడు.

మేస్త్రి వెళ్ళి చూశాడు. పొద్దు వాలింది, చలిగాలి మొదలైంది. ఎగరగలిగినవి ఎగిరి తమ పెట్టెలకి చేరుకున్నాయి. మిగిలినవి గడ్డిమొదళ్ళలో గుప్పెడు గుప్పెడుగా ఒకదాన్నొకటి పట్టుకుని ముద్దలు కట్టాయి. రెక్కలు లేత బూడిదరంగులో, ఒళ్ళంతా నూగుతో ఉన్నాయి. వియ్యంకుడు ఒక అట్టముక్క గడ్డిలోకి జొనిపి, వాటంతట అవే దానిమీదికి ఎక్కేదాకా ఆగి, ఎక్కాక లేచి వెళ్ళి పెట్టె వాకిట్లో దింపి వస్తున్నాడు.

ఇవెందుకు ఎగరవని మేస్త్రి అడిగాడు.

"చిన్నవి బావగారూ. ఇంకా గడపదాటి బయటికి రాలేదు," అన్నాడు వియ్యంకుడు తల ఎత్తకుండా. "ఇల్లెక్కడుందో తెలీదు వీటికి."

దెప్పిపొడిచినట్టు అని ఉంటే బాగుండేది. మామూలుగానే అన్నాడు. మేస్త్రి టోపీ సర్దుకుని, తనూ ఒక అట్టముక్క వెతుక్కుని మోకాళ్ళమీద కూర్చున్నాడు. చీకటి పడేదాకా ఇద్దరూ ఏరారు. అన్నీ దొరకలేదు. చివర్లో లేవబోతూ వియ్యంకుడు కంచె గుంజ పట్టుకుని, మడతమంచం విప్పినట్టు కీలు కీలుగా లేచాడు. వయసు మీదపడుతోంది పాపం అనుకున్నాడు మేస్త్రి.

బ్లోయరు మళ్ళీ కొట్టు మూలకి చేరింది. వియ్యంకుడు చెప్పినవైపే ఊదితే సరిపోయేదేమో. కాని గడ్డిలో ముద్దకట్టిన ఆ చిన్న ఈగలు కళ్ళముందు మెదులుతుంటే ఆయనకి ఇంక దాన్ని ముట్టుకోబుద్ధి కాలేదు. ఊదకుండా, దులపకుండా, వాటంతట అవే పైపెట్టె వదిలి కిందికి పోవాలి. పోయినవి తిరిగి రాకూడదు. ఎలా?

నాలుగు రోజులు అన్యమనస్కంగా పనిచేశాడు. ఒక ఫ్యానుకి రెక్కలు తిరగేసి బిగించి ఇస్తే, గాలి కప్పుకి కొడుతోందని వాళ్ళు వెనక్కి తెచ్చారు. ఐదోరోజు ఒకాయన పంపుతోపాటు ఫుట్‌వాల్వు కూడా తెచ్చి బల్లమీద పడేశాడు. పైపు అడుగున ఉండే వాల్వది. నీళ్ళని పైకి రానిస్తుంది, వెనక్కి పోనివ్వదు. మేస్త్రి దాన్ని చేతిలో పట్టుకుని, రేకుమూతని వేలితో ఒకటికి పదిసార్లు ఎత్తి వదిలాడు. తర్వాత ఆ వచ్చినాయన్ని అక్కడే కూర్చోబెట్టి, ఇప్పుడే వస్తానని చెప్పి, వాల్వుతో సహా బస్సెక్కేశాడు.

వియ్యంకుడి ఇంట్లో బల్లమీద వాల్వు పెట్టి, రెండు పెట్టెల మధ్య ఒక పలక పెట్టాలన్నాడు. పలకలో పైనుంచి కిందికి దిగేందుకు వెడల్పైన దారి, కిందినుంచి ఎక్కి రావడానికి దొరకనంత సన్నటి దారి. ఒంటిదారి. ఈగలు పిల్లల దగ్గరికి దిగిపోతాయి, పైన తేనె ఒక్కటే మిగులుతుంది. వియ్యంకుడు విని, అవును, ఒకరోజు ఆగితే దిగిపోతాయి అన్నాడు. అంతే అన్నాడు. మేస్త్రి ఉత్సాహంలో అదేమీ పట్టించుకోలేదు. ప్లైవుడ్డు ఉందా అని కూతుర్ని అడిగితే, అటకమీద ఏవో చెక్కలున్నాయంది.

స్టూలేసుకుని అటకెక్కాడు. పాత గొడుగులు, విరిగిన చట్రాలు తప్పించి చూస్తే, వాటి వెనక గుడ్డలో చుట్టిన పలకల దొంతర ఉంది. ఒకటి బయటికి లాగాడు. మధ్యలో గుండ్రటి కన్నం. అడుగున మూడుకోణాలుగా బిగించిన చెక్కపుల్లలు, వాటిమీద సన్నటి తీగవల, కోణాల కొసల్లో ఒక్క ఈగ మాత్రమే పట్టే సందులు. తను నాలుగు రోజులు బుర్ర బద్దలుకొట్టుకున్న వస్తువు, చక్కగా తయారై, దుమ్ముకొట్టుకుని ఉంది.

పలక చేత్తో పట్టుకుని దిగాడు.

"ఇదేంటి బావగారూ?"

వియ్యంకుడు చూసి చూపు తిప్పుకున్నాడు. "మీరన్న పలకే."

"ఎవరు చేశారు?"

"నేనే. చాలా ఏళ్ళు వాడాను."

"మరి ఇవి ఇంట్లో ఉండగానే మా అమ్మాయికి ఊపిరాగినంత పని చేశారా?"

మేస్త్రి గొంతు ఇల్లంతా వినబడింది. కూతురు గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "నాన్నా, అరవకు. ముందు ఆయన్ని చెప్పనీ," అంది.

చెప్పడానికి వియ్యంకుడికి చాలాసేపు పట్టింది. ముందు కుర్చీ వెనక పట్టుకుని, మెల్లిగా ఒంగి, ఒక పక్కకి వాలి కూర్చున్నాడు. అరచేతులు మోకాళ్ళమీద పెట్టుకున్నాడు.

"పలక పెట్టాలంటే నిండు పెట్టె ఎత్తి కింద దింపాలి. పలక పెట్టాక దాన్ని మళ్ళీ ఎత్తి పైన పెట్టాలి. మర్నాడు మళ్ళీ ఎత్తాలి." ఆగాడు. "నేను ఎత్తలేను బావగారూ. నడుం పోయింది. రెండేళ్ళయింది. ఒక్కో చట్రమైతే మోయగలను. అందుకే దులిపి తెస్తున్నాను."

కొడుక్కి చెప్పలేదా అని మేస్త్రి అడిగాడు. ఆ అడగడంలో గొంతు దానంతట అదే తగ్గింది.

"చెబితే పెట్టెలమ్మేసి హాయిగా కూర్చో నాన్నా అంటాడు. వాడు నా మంచికే అంటాడు. అవి పోతే పొద్దున్న లేచి నేనేం చెయ్యను?" అని కోడలివైపు చూశాడు. "ఆ రోజు ఆ ఈగ నేను తెచ్చిన చట్రంమీదే వచ్చింది. నాకు తెలుసు. ఆస్పత్రిలో మీరన్నవి తక్కువే."

మేస్త్రి దగ్గర ఇంకా అనాల్సినవి చాలా ఉన్నాయి. దారిలో కూడబెట్టుకున్నవి కాదు, ఇప్పటికిప్పుడు పుట్టుకొచ్చినవి. కాని మొన్న పెట్టె ఎత్తకుండా వెనక్కి నిలబడ్డ మనిషి, గుంజ పట్టుకుని లేచిన మనిషి ఒక్కసారిగా కళ్ళముందు కనబడ్డారు. ఆ నడుముతోనే ఆయన గడ్డిలో అన్నిసార్లు వంగాడు, లేచాడు. చిన్న ఈగల కోసం. తను చేసిన నిర్వాకానికి.  మేస్త్రి చొక్కా కొసతో పలకమీది దుమ్ము తుడిచాడు. తుడిచిందే తుడిచాడు.

"నిండు పెట్టె ఎంత బరువుంటుంది?" అన్నాడు చివరికి.

ఆ సాయంత్రం కూతురు తండ్రిని బస్సెక్కించడానికి వస్తూ, మామయ్య నడుం సంగతి తనకెప్పుడో అనుమానం వచ్చిందని చెప్పింది. చెప్పులు వేసుకోవడానికి ఆయన వాకిట్లో తీసుకునే వ్యవధి చూసే కనిపెట్టిందట. అడిగితే చిన్నబుచ్చుకుంటారని అడగలేదట. "అడగాల్సింది," అంది. మేస్త్రి కూడా అదే అనుకున్నాడు గాని, కూతుర్ని కాదు, తనని.

కొట్లో పెద్ద మోటార్లని బల్లమీదికి ఎక్కించే గొలుసు కప్పీ ఉంది. అదే పద్ధతిలో చిన్నది చేశాడు. ఇనప గొట్టాలు వంచి, తేనెపెట్టెని మధ్యలో పెట్టుకుని నిలబడేలా ఎత్తు చట్రం కట్టాడు. పైన కప్పీ, పక్కన చేతితో తిప్పే పిడి, కింద పిల్లల సైకిళ్ళ చక్రాలు. పిడి తిప్పితే నాలుగు కొక్కేలు నిండు పెట్టెని నిదానంగా లేపుతాయి, వదిలినా జారదు. టైలరు ఖాళీ దొరికినప్పుడల్లా వచ్చి చూసి, మొదట అది పిల్లల ఉయ్యాల అనుకుని ముందస్తు శుభాకాంక్షలు చెప్పాడు. కూతురి పెళ్ళికి కూడా మీరింత హడావుడి చేయలేదని భార్య అంది. సున్నంలా పాలిపోయారని అద్దంలో చూపించి, రెండుసార్లు అన్నానికి బలవంతంగా లేపింది.

పాత పలకలు చాలక చేస్తున్న కొత్తవాటికి తీగవల కూతురే కత్తిరించి ఇచ్చింది. వియ్యంకుడు సందుల కొలత చెప్పాడు. అగ్గిపుల్లలు పక్కపక్కన పేర్చి ఇంత ఉండాలని చూపించాడు. మేస్త్రి మేకులు కొట్టాడు. అల్లుడు ఆ రోజు సెలవు పెట్టి వచ్చి, తండ్రి నడుం సంగతి తెలిసి, ఒక మూల కూర్చున్నాడు. తర్వాత లేచి, అమ్మేద్దామని నేనెప్పుడన్నాను నాన్నా అన్నాడు. అనబోతావని ఆయన అన్నాడు. అనబోయానేమోలే అని ఒప్పుకుని కొడుకు కప్పీ చక్రాలకి నూనె వేయడం మొదలుపెట్టాడు.

ఎండ తగ్గాక పలకలు పెట్టారు. పిడి తిప్పింది వియ్యంకుడే. నిండు పెట్టె గాల్లోకి లేచి, ఊగకుండా నిలబడితే, మేస్త్రి పలక తోశాడు. పెట్టె మళ్ళీ దిగింది. వియ్యంకుడు పిడిమీద చెయ్యి అలాగే ఉంచి కాసేపు చూస్తూ నిలబడ్డాడు. ఇంకోటి చేద్దామా బావగారూ అన్నాడు, ఆటకి పిలిచినట్టు.

అంతా సవ్యంగా జరిగిపోయిందనుకుంటే పొరపాటు. గడ్డిలో ఏరిన రోజునుంచి మేస్త్రికి ఈగలమీద జాలి ముదిరింది. పైపెట్టెలో చిక్కుకున్నవాటికి గాలి ఆడదేమోనని, ఎవరితోనూ చెప్పకుండా డ్రిల్లు తీసి మొదటి పెట్టె మూతకి నాలుగు కన్నాలు పెట్టాడు. డ్రిల్లు బ్యాటరీ అయిపోబట్టి ఒక్క మూతతో ఆగింది. మర్నాడు మధ్యాహ్నం ఆ పెట్టె చుట్టూ ఈగలు కమ్ముకుని గోలగోలగా ఉంటే వియ్యంకుడు చూసి తడిగుడ్డ కప్పాడు. అప్పటికే ఆలస్యమైంది. సాయంత్రం మేస్త్రి వచ్చి మూత తీసేసరికి చట్రాల్లో తేనె లేదు, చింపిన మైనం మాత్రం ఉంది. కాపలా ఉండాల్సిన ఈగలన్నీ పలకలోంచి కిందికి దిగిపోయాయి. కన్నాల్లోంచి వాసన బయటికి పోయింది. మిగతా పెట్టెలవాళ్ళు వచ్చి దోచుకుపోయారు.

మేస్త్రికి తల కొట్టేసినట్టయింది. కన్నాలు పెట్టింది తనేనని, ఎందుకు పెట్టాడో కూడా, నీళ్ళు నములుతూ చెప్పాడు. వియ్యంకుడు ఖాళీ చట్రం చూశాడు, కన్నాలు చూశాడు, ఈయన్ని చూశాడు. ఆయన నవ్వడం మేస్త్రి ఆ రోజే చూశాడు. నడుం పట్టుకుని మరీ నవ్వాడు.

"ఎక్కడికీ పోలేదు బావగారూ. మన పక్కపెట్టెల్లోకే పోయింది," అన్నాడు.

మిగతా పెట్టెల్లో పలక చెప్పినట్టే చేసింది. మూత తీస్తే చట్రాలు నిండుగా, శుభ్రంగా, ఒక్క ఈగ లేకుండా ఉన్నాయి. కప్పీతో ఎత్తి, చక్రాలమీద తోసుకుంటూ గుమ్మందాకా తెచ్చారు. అయినా మేస్త్రి నమ్మలేదు. ప్రతి చట్రాన్నీ గుమ్మం బయటే టార్చిలైటు వేసి అటూ ఇటూ తిప్పి చూసి, అప్పుడు లోపలికి పంపాడు. అలమరలో ఇంజెక్షన్ అందేచోటే ఉందా అని రెండుసార్లు అడిగాడు. గదిలో కిటికీలు మూసి ఉన్నాయి. కూతురు పొడుగు చేతుల చొక్కా వేసుకుని, జుట్టు బిగించి, డ్రమ్ము పక్కన ఎదురుచూస్తోంది. అత్తారింటికి వచ్చాక ఇన్నిరోజులు పిడి ముట్టకపోవడం ఇదే మొదలట. చట్రాలు పెట్టి పిడి తిప్పింది. డ్రమ్ము గోడలకి తేనె చిటపటమని కొట్టుకోవడం మొదలైంది, ఎక్కడో వాన పడుతున్నట్టు. తండ్రి ఆమె పక్కన పీటమీద కూర్చుని గది నాలుగు మూలలా చూస్తూనే ఉన్నాడు.

అప్పుడు మెడ వెనక ఏదో కదిలింది.

ఏదో ఏమిటి, తెలిసిపోయింది. చొక్కా కాలరు కింద పాకుతోంది. ఇంత పహారా కాసి, పెట్టెలన్నీ గాలించి, గదిలోకి ఈగని తెచ్చింది తనే. కూతురు అవతలివైపు తిరిగి పిడి తిప్పుతోంది. మేస్త్రి చప్పుడు చేయకుండా చెయ్యి వెనక్కి పోనిచ్చి, కాలరుతో సహా గుప్పిట బిగించాడు. గుప్పిట్లో నిప్పు పెట్టినట్టయింది. పళ్ళు బిగపట్టి, టీ తాగొస్తానమ్మా అని చెప్పి, తలుపు కొద్దిగా తెరిచి బయటికి జారి, మళ్ళీ వేసేశాడు.

పెరటిగోడ దగ్గర చెయ్యి విదిలిస్తూ గెంతుతుంటే వియ్యంకుడు వచ్చాడు. అడగకుండానే చెయ్యి పట్టుకుని, ముల్లుని గిల్లి లాగకుండా గోటితో పక్కకి గీరేశాడు. గిల్లితే విషం లోపలికి పోతుందట. ఇదేనా మొదటిసారి అన్నాడు. ఇన్నాళ్ళూ తప్పించుకున్నానన్నాడు మేస్త్రి. అరచేయి అప్పుడే ఉబ్బుతోంది. ఇంత మంటా, పిల్ల పడింది దీనికి ఎన్నింతలో అనిపించింది ఆయనకి. ఊపిరి బాగానే ఆడుతోందా అని వియ్యంకుడు ఆయన మొహంలోకి చాలాసేపు పరీక్షగా చూశాడు. బాగానే ఆడుతోందని నమ్మకం కుదిరాక గాని చెయ్యి వదల్లేదు.

"ఈగని లోపలికి తెచ్చింది నేనేనని అమ్మాయికి చెప్పకండి," అన్నాడు మేస్త్రి.

"చెప్పను."

"చెప్పనంటే సరిపోదు. నేను కూడా ఒకటి అడుగుతాను. రేపు నాతో ఎముకల డాక్టరు దగ్గరికి రావాలి."

వియ్యంకుడు కంచెవైపు చూస్తూ ఆలోచించాడు. డాక్టరు బరువులెత్తొద్దంటాడు అన్నాడు. ఎత్తొద్దంటే ఎత్తకండి, ఎత్తడానికి కప్పీ ఉంది, పిడి తిరక్కపోతే బాగుచేయడానికి నేనున్నాను అన్నాడు మేస్త్రి. ఇంకా ఏదో సాకు వెతుకుతున్నట్టు ఆయన నోరు తెరవబోతే, వాచిన చెయ్యి ఎత్తి ఆపాడు.

లోపల డ్రమ్ము ఆగింది. నాన్నా, బయట ఇంతసేపు ఏం చేస్తున్నావు అని కూతురు తలుపు వెనకనుంచి అడిగింది.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఏం లేదమ్మా," అన్నాడు వియ్యంకుడు. "రేపు మేమిద్దరం కాస్త బయటికి వెళ్ళాలి. ఆ సంగతే అనుకుంటున్నాం."